వ్యక్తిగత కంప్యూటరులో ధ్వని స్థానం: సౌండ్ కార్డు అవసరంపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మదర్‌బోర్డుపైనే అమరివున్న ధ్వనివ్యవస్థ చాలునా, విడిగా సౌండ్ కార్డు కొనాలా అన్న ప్రశ్నను సాధారణంగా శబ్దనాణ్యతకు సంబంధించిన ప్రశ్నగా భావిస్తారు. ధ్వనికి సంబంధించిన గణనను యంత్రంలో ఏ భాగం చేయాలి, ఆ భాగంపై అధికారం ఏ సంస్థది అన్న వివాదాలే ఒక్కో దశలో దీని సమాధానాన్ని నిర్ణయించాయని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది. వినడం వరకు ఈ ప్రశ్న 2007 నాటికి దాదాపు ముగిసింది. ధ్వనిని గ్రహించి భద్రపరచడం వరకు అది నేటికీ ముగియలేదు. మౌఖిక సాహిత్య పరిశోధనకు ఈ రెండవ అంశమే కీలకం.

కీలకపదాలు: సౌండ్ కార్డు, మదర్‌బోర్డు, ధ్వనిగ్రహణం, ఏసీ'97, డిజిటలీకరణ, మౌఖిక సాహిత్యం.

ఉపోద్ఘాతం

1980, 90 దశకాలలో తెలుగునాట మౌఖిక సాహిత్యంపై పరిశోధించినవారికి క్షేత్రపర్యటనలో క్యాసెట్టు రికార్డరు ప్రధాన సాధనం. ఆనాటి క్యాసెట్లు ఎన్నో నేడు కళాశాలల బీరువాలలోనూ పరిశోధకుల ఇళ్లలోనూ ఉండిపోయాయి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించాలనుకున్నవారికి మొదట కలిగే సందేహం ఒకటే. కంప్యూటరుకు ఉన్న ఆడియో సాకెట్టుకు తీగ తగిలిస్తే సరిపోతుందా, ప్రత్యేకంగా ఒక పరికరం కొనాలా? దుకాణదారు ఒకటి చెబుతాడు, సాంకేతిక నిపుణుడు మరొకటి చెబుతాడు. ఎవరు ఏ కాలంలో కంప్యూటరు నేర్చుకున్నారో ఆ కాలపు సమాధానమే వారి నోట వస్తుంది. 1993లో నిస్సందేహంగా సరైన సలహా 2003 నాటికి చర్చనీయమైంది, 2013 నాటికి చాలామంది విషయంలో అనవసరమైంది.

సౌండ్ కార్డు కథ సాధారణంగా కంప్యూటర్ ఆటల చరిత్రలో ఒక అధ్యాయంగా వినిపిస్తుంది. అందువల్ల అది ఆద్యంతం యంత్రం ‘వినిపించే’ ధ్వని గురించిన కథగానే మిగిలింది. యంత్రం ‘వినే’ ధ్వని, అంటే మైకు నుంచో క్యాసెట్టు నుంచో లోపలికి వచ్చే ధ్వని, ఆ కథనంలో పక్కకు జరిగిపోయింది. ఈ లోపాన్ని దృష్టిలో ఉంచుకొని పాత ఆధారాలనే మరొక క్రమంలో చదవవలసి ఉంది.

కార్డు కంటే ముందు

మొదట కార్డు ఉండేదని, తరువాత అది మదర్‌బోర్డులో కలిసిపోయిందని ఒక అభిప్రాయం ప్రచారంలో ఉంది. వాస్తవక్రమం అందుకు భిన్నం. 1982లో వచ్చిన కమడోర్ 64 యంత్రంలో బాబ్ యానెస్ రూపొందించిన సిడ్ అనే ధ్వని చిప్పు మదర్‌బోర్డుపైనే ఉంది. 1985 నాటి అమీగా యంత్రం నాలుగు మార్గాలలో 8 బిట్‌ల ధ్వనిని తన సొంత చిప్పుతోనే పలికించింది. 1984లో వచ్చిన మెకింతోష్‌కూ విడి కార్డు అవసరం లేకపోయింది. ధ్వని యంత్రంలో అంతర్భాగమన్న భావన వీటన్నింటిలోనూ కనిపిస్తుంది.

1981 ఆగస్టులో విడుదలైన ఐబీఎం పీసీ మాత్రం ఈ దారిలో నడవలేదు. దానిలో ఉన్నది ఒక చిన్న స్పీకరు. ఇంటెల్ 8253 అనే కాలగణన చిప్పు దానిని నడిపేది. అది ‘ఉంది’, ‘లేదు’ అన్న రెండు స్థితుల మధ్య మారుతూ ఒక్క స్వరాన్ని పలికేది. కార్యాలయాలలో లెక్కలకూ ఉత్తరాలకూ ఉద్దేశించిన యంత్రానికి హెచ్చరికగా ఒక కూత చాలునని నిర్మాతలు భావించినట్లు ఆ యంత్రనిర్మాణమే చెబుతుంది. అయితే ఆ యంత్రంలో అదనపు కార్డులు గుచ్చుకోవడానికి స్లాట్లు ఉన్నాయి. వాటి నిర్మాణ వివరాలు బహిరంగంగా లభించాయి. సౌండ్ కార్డు అన్న వస్తువు పుట్టడానికి ఐబీఎం ఇచ్చినదీ ఇవ్వనిదీ రెండూ కారణాలయ్యాయి. ధ్వని ఇవ్వలేదు, ధ్వనిని చేర్చుకునే చోటు ఇచ్చింది.

క్యూబెక్ నుంచి సింగపూరుకు

ఆ చోటును మొదట విజయవంతంగా ఉపయోగించుకున్న సంస్థ కెనడాలోని క్యూబెక్ నగరానికి చెందిన ఆడ్‌లిబ్. దాని స్థాపకుడు మార్టిన్ ప్రెవెల్ లావాల్ విశ్వవిద్యాలయంలో సంగీతాచార్యుడుగా పనిచేసినవాడు. 1987లో వెలువడిన ఆడ్‌లిబ్ కార్డుకు గుండె యమహా సంస్థ తయారుచేసిన వైఎమ్ 3812 చిప్పు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనుగొన్న ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్ స్వరకల్పన పద్ధతి దీనికి ఆధారం. తొమ్మిది స్వరాలు ఏకకాలంలో పలకగల ఈ కార్డుకు 1988లో సియెరా సంస్థ ‘కింగ్స్ క్వెస్ట్ 4’ అనే ఆటతో ప్రాచుర్యం కల్పించింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆడ్‌లిబ్ కార్డు సంగీతాన్ని పుట్టించగలదు, మనిషి మాటను మాత్రం అందుకోలేదు. దానికి మైకు లేదు, ధ్వనిని అంకెలుగా మార్చే పరివర్తకం లేదు. సంగీతాచార్యుని చేతుల మీదుగా వచ్చిన పరికరం వాద్యంలా ప్రవర్తించడంలో ఆశ్చర్యం లేదు.

ఆ లోటును పూరించినది సింగపూరుకు చెందిన క్రియేటివ్ టెక్నాలజీ. సిమ్ వాంగ్ హూ, ఎంగ్ కై వా అనే ఇద్దరు మిత్రులు 1981లో ఒక చిన్న దుకాణంగా ఈ సంస్థను ప్రారంభించారు. 1989లో వచ్చిన వీరి సౌండ్ బ్లాస్టర్ మూడు పనులు చేసింది. ఆడ్‌లిబ్ వాడిన యమహా చిప్పునే తానూ వాడి, ఆ కార్డు కోసం రాసిన ఆటలన్నింటినీ తన మీద ఆడించింది. ఆ చిప్పును యమహా ఎవరికైనా అమ్మేది గనుక అనుకరణ సులభమైంది. రెండవది, ఆటలాడేవారు విడిగా కొనుక్కునే జాయ్‌స్టిక్ సాకెట్టును కార్డులోనే చేర్చింది. మూడవది, 8 బిట్‌ల అంకెల రూపంలో ధ్వనిని వినిపించడంతో పాటు మైకు ద్వారా గ్రహించింది. వినిపించే వేగం సెకనుకు సుమారు 23 వేల నమూనాలు, గ్రహించే వేగం సుమారు 12 వేలు. నమూనాల సంఖ్యలో సగం వరకే పౌనఃపున్యాలు నిలుస్తాయన్న నైక్విస్ట్ సూత్రం ప్రకారం, గ్రహించిన ధ్వనిలో 6 వేల హెర్ట్జ్‌కు పైనున్నదంతా నష్టమవుతుంది. ‘స, శ, ష’ల భేదాన్ని తెలిపే శక్తిలో గణనీయమైన భాగం ఆ పై పరిధిలోనే ఉంటుంది. వినిపించడానికి ఇచ్చినదానిలో దాదాపు సగమే వినడానికి ఇవ్వడమన్న అసమానత మొదటి సౌండ్ బ్లాస్టర్ నుంచే మొదలైందనడానికి ఈ రెండు అంకెలే సాక్ష్యం.

ఆడ్‌లిబ్ 1992లో దివాలా తీసింది. అదే సంవత్సరం క్రియేటివ్ అమెరికాలోని నాస్‌డాక్ మార్కెట్టులో చేరిన తొలి సింగపూరు సంస్థగా నిలిచింది. అదే ఏట వచ్చిన సౌండ్ బ్లాస్టర్ 16 కాంపాక్ట్ డిస్కు స్థాయి ధ్వనిని, అంటే 16 బిట్‌లు, 44.1 కిలోహెర్ట్జ్‌ను, ఇంటి కంప్యూటరుకు తెచ్చింది. ఆ కాలంలో ప్రతి ఆటా కార్డుతో నేరుగా మాట్లాడేది. ‘ఏ220 ఐ5 డీ1’ వంటి సంకేతాలను వాడుకరి తానే ఒక ఫైలులో రాసుకోవలసి వచ్చేది. పోటీ సంస్థల పెట్టెలపై కూడా ‘సౌండ్ బ్లాస్టర్‌తో పొసగుతుంది’ అన్న మాట అచ్చయ్యేది. అప్పుడు కొనుగోలుదారు నిర్ణయంలో చెవి పాత్ర స్వల్పం. మెరుగైన శబ్దమిచ్చే కార్డు కంటే ఆటలు గుర్తించే కార్డుకే విలువ. 1995లో విండోస్ 95, దాని వెంట డైరెక్ట్‌ఎక్స్ వచ్చిన తరువాత ఆట విండోస్‌తో మాట్లాడితే చాలునన్న స్థితి ఏర్పడింది. క్రియేటివ్ చేతిలోని మొదటి అధికారం అక్కడే సడలింది.

లెక్క ఎవరు చేయాలి?

ఈ ఘట్టం ఆటల చరిత్రలలో అరుదుగా కనిపిస్తుంది, న్యాయస్థాన పత్రాలలో వివరంగా ఉంది. 1990ల మధ్యలో ఇంటెల్ సంస్థ తన ప్రాసెసర్లకు పని పెంచే మార్గాలు వెతికింది. ధ్వని, చిత్రం వంటి సంకేతాల గణనకు విడి చిప్పులు ఎందుకు, ప్రధాన ప్రాసెసరే ఆ పని చేయగలదు కదా అన్నది దాని వాదన. ‘నేటివ్ సిగ్నల్ ప్రాసెసింగ్’ పేరుతో అందుకు సాఫ్ట్‌వేరును సిద్ధం చేసింది. ఇది విండోస్‌పై ఆధారపడకుండా పనిచేసే పొరగా ఎదుగుతుందని భావించిన మైక్రోసాఫ్ట్ తీవ్రంగా వ్యతిరేకించింది. 1995లో ఇంటెల్ వెనక్కి తగ్గింది. ఇంటెల్ ఉపాధ్యక్షుడు స్టీవెన్ మెక్‌గీడీ 1998 నవంబరులో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌పై నడిపిన గుత్తాధిపత్య వ్యాజ్యంలో దీనిపై సాక్ష్యమిచ్చాడు. న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ 1999 నవంబరు 5న వెలువరించిన వాస్తవ నిర్ధారణలలో ఈ ఉదంతం చోటుచేసుకుంది.

సాఫ్ట్‌వేరు పొరను వదులుకున్నప్పటికీ ఇంటెల్ అసలు లక్ష్యాన్ని వదల్లేదు. 1997 జనవరిలో 57 బహుమాధ్యమ ఆదేశాలతో పెంటియం ఎమ్‌ఎమ్‌ఎక్స్ ప్రాసెసరును విడుదల చేసింది. అదే కాలంలో ఏసీ'97 అనే ధ్వని ప్రమాణాన్ని రూపొందించింది. సౌండ్ కార్డు చేసే పనిని ఇది రెండు ముక్కలు చేసింది. అంకెలతో వ్యవహరించే నియంత్రణ భాగం మదర్‌బోర్డులోని ప్రధాన చిప్పుసముదాయంలోకి వెళ్లింది. అంకెలను విద్యుత్తరంగంగా, విద్యుత్తరంగాన్ని అంకెలుగా మార్చే కోడెక్ మాత్రం వేరే చిన్న చిప్పుగా మిగిలింది. శబ్దాలను కలపడం, హెచ్చుతగ్గులు చేయడం వంటి లెక్కలు ప్రధాన ప్రాసెసరు మీద పడ్డాయి. 1999లో ఇంటెల్ 810 చిప్పుసముదాయంతో ఈ ఏర్పాటు చౌక కంప్యూటర్లలోకి ప్రవేశించింది. తైవానుకు చెందిన రియల్‌టెక్ వంటి సంస్థలు కోడెక్‌లను అతి చవకగా అందించాయి.

ఏసీ'97ను తక్కువ నాణ్యతకు మారుపేరుగా చెప్పడం అలవాటైంది. ఆ విమర్శలో పాక్షిక సత్యమే ఉంది. రొద ఎక్కువగా ఉండే అంకెల భాగం నుంచి సున్నితమైన అనలాగ్ భాగాన్ని వేరు చేయడమే ఆ రూపకల్పనలోని మంచి ఆలోచన. దానిని బోర్డుపై ఎక్కడ పెట్టాలి, చుట్టూ ఎంత జాగా వదలాలి అన్నవి బోర్డు తయారీదారు చేతిలో ఉన్నాయి. చవక బోర్డులలో ఆ జాగా దక్కలేదు. హెడ్‌ఫోను పెట్టుకొని మౌసు కదిపితే గరగర వినిపించిన బోర్డులను ఆ తరం వాడుకరులు ఇంకా మరచిపోలేదు.

మరొక విమర్శ, ఏసీ'97 కోడెక్‌లు 48 కిలోహెర్ట్జ్ వద్ద స్థిరంగా నడవడం వల్ల 44.1 కిలోహెర్ట్జ్ డిస్కు సంగీతాన్ని మళ్లీ లెక్కగట్టవలసి రావడం. ఇది నిజమే. కాని 1998లో క్రియేటివ్ ఎంతో ప్రచారంతో తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ లైవ్ కూడా లోపల 48 కిలోహెర్ట్జ్ వద్దనే నడిచి, డిస్కు ధ్వనిని అదే విధంగా మార్చేది. బోర్డులోని లోపం నుంచి తప్పించుకోవడానికి కార్డు కొన్నవారు ఆ లోపాన్నే ఎక్కువ వెలకు కొన్నారు. కార్డు అంటే నాణ్యత అన్న సమీకరణాన్ని తిరస్కరించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆరియల్ ఉదంతం

కార్డుకు మిగిలిన బలం అప్పటికి ఒకటే, త్రిపరిమాణ ధ్వని. ఆటలో శత్రువు అడుగుల చప్పుడు వెనుక నుంచి వస్తోందా, పై అంతస్తు నుంచి వస్తోందా అన్నది రెండు హెడ్‌ఫోనులలోనే తెలియజేయాలంటే చాలా గణన కావాలి. ఆనాటి ప్రాసెసర్లకు అది భారం. కాలిఫోర్నియాకు చెందిన ఆరియల్ ఈ రంగంలో ముందుంది. నాసా కోసం పనిచేసిన క్రిస్టల్ రివర్ ఇంజనీరింగ్ అనే సంస్థను తనలో కలుపుకొని ఏ3డీ పద్ధతిని అభివృద్ధి చేసింది. గోడల నుంచి శబ్దం పరావర్తనం చెందే తీరును అది నేరుగా లెక్కించేది. క్రియేటివ్‌వారి ఈఏఎక్స్ మాత్రం గది స్వభావాన్ని బట్టి సిద్ధంగా ఉన్న ప్రతిధ్వనిని జోడించేది.

1998లో క్రియేటివ్ పేటెంటు ఉల్లంఘన ఆరోపిస్తూ ఆరియల్‌పై దావా వేసింది. 1999 డిసెంబరులో తీర్పు ఆరియల్‌కు అనుకూలంగా వచ్చింది. అప్పటికే వ్యాజ్యపు ఖర్చు దానిని కుంగదీసింది. 2000లో దివాలా తీయగా, అదే సంవత్సరం క్రియేటివ్ 3 కోట్ల 20 లక్షల డాలర్లకు దాని ఆస్తులను కొనుగోలు చేసింది. గెలిచినవాడి ఇల్లు ఓడినవాడు కొన్నట్లయింది. కార్డు వల్ల మాత్రమే సాధ్యమయ్యే పనిలో బలమైన పోటీ అంతటితో ఆగిపోయింది. బోర్డుపైని ధ్వని ప్రతి ఏటా మెరుగుపడుతున్న దశాబ్దంలో కార్డు తయారీదారు తన రంగాన్ని తానే ఇరుకు చేసుకున్నాడని చెప్పడం అన్యాయం కాదు.

2004లో ఇంటెల్ హై డెఫినిషన్ ఆడియో ప్రమాణాన్ని వెలువరించింది. 32 బిట్‌లు, 192 కిలోహెర్ట్జ్, ఎనిమిది మార్గాలకు అందులో అవకాశం ఉంది. 2007 జనవరిలో సామాన్య వాడుకరులకు విడుదలైన విండోస్ విస్టా ఈ పరిణామానికి చివరి ఘట్టం. ధ్వని డ్రైవర్ల లోపాల వల్ల యంత్రమంతా కూలిపోతున్నదన్న కారణంతో మైక్రోసాఫ్ట్ ధ్వనివ్యవహారంలో అధికభాగాన్ని కెర్నెల్ నుంచి బయటికి తెచ్చింది. ధ్వనులన్నీ ఇక సాఫ్ట్‌వేరులోనే కలుస్తాయి. డైరెక్ట్‌సౌండ్ ద్వారా కార్డు చిప్పుకు పని అప్పగించే మార్గం మూసుకుపోయింది. పాత ఆటలలో త్రిపరిమాణ ధ్వని మూగబోవడంతో క్రియేటివ్ ఆల్కెమీ అనే అనువాదక సాఫ్ట్‌వేరును అందించవలసి వచ్చింది. 1995లో ఇంటెల్ అడిగినప్పుడు మైక్రోసాఫ్ట్ అడ్డుకున్న ఆలోచన, అంటే ధ్వని లెక్క ప్రధాన ప్రాసెసరే చేయాలన్నది, పన్నెండేళ్ల తరువాత మైక్రోసాఫ్ట్ చేతుల మీదుగానే అమలైంది. అభ్యంతరం ఆలోచన మీద కాదు, అది ఎవరి ఆధీనంలో ఉంటుందన్న దాని మీద అని ఈ పరిణామం వల్ల స్పష్టమవుతుంది.

వినడం వేరు, గ్రహించడం వేరు

వినే నిమిత్తం అడిగితే ఇక సమాధానం సులభం. 16 బిట్‌ల ధ్వనికి సిద్ధాంతరీత్యా సుమారు 96 డెసిబెల్‌ల విస్తృతి ఉంటుంది. రియల్‌టెక్ ఏఎల్‌సీ 1150 కోడెక్‌కు వినిపించే దిశలో 115 డెసిబెల్‌లు, తరువాతి ఏఎల్‌సీ 1220కి 120 డెసిబెల్‌లు సంకేత-రొద నిష్పత్తిగా ప్రకటించారు. ప్రకటించిన అంకె బోర్డుపై యథాతథంగా దక్కకపోయినా, సాధారణ గదిలో సాధారణ హెడ్‌ఫోనుతో వినేవారికి లోటు తెలియడం కష్టం. అధిక నిరోధం గల హెడ్‌ఫోనులను నడపడానికి బలం చాలకపోవడం, బోర్డులో స్పష్టంగా వినిపించే రొద ఉండడం అన్న రెండు సందర్భాలను మినహాయిస్తే కార్డు కొనడానికి బలమైన కారణం లేదు.

అవే చిప్పుల రెండవ అంకెను ఎవరూ పెద్ద అక్షరాలలో వేయలేదు. గ్రహించే దిశలో ఏఎల్‌సీ 1150కి 104, ఏఎల్‌సీ 1220కి 113 డెసిబెల్‌లు. 1989 నాటి 23, 12 వేల అసమానత రూపం మార్చుకొని కొనసాగింది. సాధారణ క్యాసెట్టు విస్తృతే 55 డెసిబెల్‌ల పరిసరాలలో ఉంటుంది గనుక 104 చాలదా అన్న ప్రశ్న సమంజసమే. అంకె వరకు చాలు. సమస్య అంకెలో కాక సాకెట్టులో ఉంది.

1999 నాటి పీసీ 99 మార్గదర్శకాలు లేత నీలిరంగు సాకెట్టును లైన్-ఇన్‌కు, గులాబీ రంగును మైకుకు, ఆకుపచ్చను స్పీకరుకు కేటాయించాయి. క్యాసెట్టు ప్లేయరు నుంచి వచ్చే తీగకు సరైన చోటు ఆ నీలి సాకెట్టు. డెస్క్‌టాప్ బోర్డులలో అది నేటికీ కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లలో క్రమంగా అదృశ్యమై, హెడ్‌ఫోనుకూ మైకుకూ కలిపి ఒకే సాకెట్టు మిగిలింది. దానిలోని మైకు మార్గం ఒంటి మార్గం, మైకు స్థాయి బలహీన సంకేతానికి ఉద్దేశించినది. చిన్న మైకులను నడపడానికి అది కొద్దిపాటి విద్యుత్తును కూడా బయటికి పంపుతుంది. క్యాసెట్టు ప్లేయరు నుంచి వచ్చే బలమైన జంట సంకేతాన్ని అందులోకి పంపితే ఒక మార్గం పోతుంది, మిగిలినది శిఖరాల వద్ద తెగిపోతుంది. ఇలా తెగినదాన్ని తరువాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతకలేదు.

దీనికి తోడు మరొక చిక్కు ఉంది. ల్యాప్‌టాప్ ధ్వని డ్రైవర్లు వీడియో సంభాషణలను దృష్టిలో ఉంచుకొని రొద తగ్గింపు, స్వయంచాలక స్థాయి సవరణ వంటివి అడగకుండానే అమలు చేయడం సాధారణం. నిలకడగా వినిపించేదాన్ని రొదగా లెక్కించడం మొదటిదాని స్వభావం. హరికథలో వెనుక నిరంతరంగా సాగే శ్రుతి ఆ లెక్క ప్రకారం ఫ్యాను చప్పుడు వంటిదే. రెండవది మెల్లని మాటను పెంచి, పెద్ద కేకను తగ్గిస్తుంది. బుర్రకథలో కథకుడు గొంతు తగ్గించి చెప్పిన కరుణఘట్టానికీ, వంతలు గుమ్మెటలతో అందుకునే వీరఘట్టానికీ మధ్యనున్న ఎత్తుపల్లాలు చదునైపోతాయి. ప్రదర్శనను పాఠంతో సమానంగా అధ్యయనం చేసే పరిశోధకునికి ఇది పాఠదోషంతో సమానం.

ధ్వని, దృశ్య భాండాగారాల అంతర్జాతీయ సంఘం 2004లో తొలిసారి ప్రచురించి, 2009లో సవరించిన టీసీ-04 మార్గదర్శకాలు ఈ విషయంలో నిర్ద్వంద్వంగా ఉన్నాయి. డిజిటలీకరణ మార్గంలో అనలాగ్ నుంచి అంకెలకు మార్చే పరివర్తకమే అత్యంత కీలకమని, చవక విద్యుద్వలయాల వల్లనూ కంప్యూటరు లోపలి విద్యుత్ రొద వల్లనూ సౌండ్ కార్డులోని పరివర్తకం అవసరమైన ప్రమాణాన్ని అందుకోలేదని అవి చెబుతాయి. యంత్రం వెలుపల ఉండే విడి పరివర్తకాన్ని, కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లను సూచిస్తాయి. ఇక్కడ నిరాకరణకు గురైనది మదర్‌బోర్డు ఒక్కటే కాదు, పెట్టె లోపల గుచ్చే కార్డు కూడా. 1980లలో ఆటల కోసం మొదలైన ‘బోర్డా, కార్డా’ అన్న విభజన భద్రపరచడమన్న పని ముందు అర్థం కోల్పోయి, ‘లోపలా, బయటా’ అన్న విభజనగా మారింది.

భాండాగార స్థాయి పరివర్తకం చాలా కళాశాలల శాఖలకు అందుబాటులో ఉండదు. యూఎస్‌బీ ద్వారా కలిపే సాధారణ ఆడియో ఇంటర్‌ఫేసులు ఆ ప్రమాణాన్ని పూర్తిగా అందుకోకపోయినా మూడు మౌలికమైన ఇబ్బందులను తొలగిస్తాయి. రెండు మార్గాల లైన్-ఇన్ లభిస్తుంది, సంకేతస్థాయిని చేతితో తిప్పి నిర్ణయించుకోవచ్చు, మార్పు పెట్టె వెలుపల జరుగుతుంది. స్టూడియో తరహా కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టులనూ చాలా ఇంటర్‌ఫేసులు ఇస్తాయి, మదర్‌బోర్డు ఇవ్వదు. యూఎస్‌బీ తీగ ద్వారా వచ్చే విద్యుత్తు కూడా రొదను మోసుకురావచ్చు గనుక, డిజిటలీకరణ సమయంలో ల్యాప్‌టాప్‌ను ఛార్జరు నుంచి విడదీసి ఒకసారి పరీక్షించుకోవడం మేలు. డ్రైవరులోని సవరణలన్నీ ఆపివేసి, ఖాళీగా రెండు నిమిషాలు రికార్డు చేసి వింటే పరికరం తనదిగా ఏమి కలుపుతోందో తెలుస్తుంది.

పాత క్యాసెట్టు అయస్కాంతపు పూత కాలంతో పాటు సడలుతుంది. ప్లేయరు తలకు రాసుకున్న ప్రతిసారీ కొంత అరుగుతుంది. కొన్ని క్యాసెట్లు మరొక్క వాదనకు మాత్రమే ఓర్చుకునే స్థితిలో ఉంటాయి. అటువంటి టేపులను ల్యాప్‌టాప్ మైకు సాకెట్టుకు తగిలించి ‘ప్రస్తుతానికి ఎక్కించుకొని, మంచి పరికరం వచ్చాక మళ్లీ చేద్దాం’ అనుకోవడం వల్ల ఆ మిగిలిన ఒక్క అవకాశమూ ఖర్చవుతుంది. పరికరం సమకూరే వరకు వాటిని నిలువుగా, పొడిగా, స్పీకర్లకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ దూరంగా ఉంచి కదపకుండా ఉండడమే మేలైన మార్గం.